పెద్ద ఇల్లు కొనాలా, ఉన్న ఇంటి వెనకే చిన్న ఇల్లు కట్టాలా? కాలిఫోర్నియాలో ఏడీయూ ఎంపికలు

బే ఏరియాలో పదేళ్ల కిందట ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల్లో ఈ చర్చ ఏదో ఒక రోజు మొదలవుతుంది. పిల్లలు ఎదిగారు, ఒక్కొక్కరికి ఒక గది కావాలి. ఇంటి నుంచే పని కాబట్టి ఇంకో గది ఆఫీసుకు పోయింది. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే హాల్లో సర్దుకోవాల్సి వస్తోంది. పెద్ద ఇల్లు చూద్దామంటే ధరలు, వడ్డీ రేట్లు చూసి గుండె జారుతుంది. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "బ్యాక్‌యార్డ్ అంత ఖాళీగా ఉంది కదా, ఏడీయూ కట్టేస్తే పోలా?"

ఏడీయూ అంటే ఉన్న ఇంటి స్థలంలోనే వంటగది, బాత్రూమ్, వేరే ద్వారంతో ఉండే రెండో చిన్న ఇల్లు. కాలిఫోర్నియాలో ఒకప్పుడు దీనికి నగరాల అనుమతి దొరకడమే కష్టం. 2017 నుంచి రాష్ట్రం చట్టాలను సడలిస్తూ వచ్చింది. 2020లో వచ్చిన మార్పులు అసలైన మలుపు. పూర్తి దరఖాస్తు అందిన 60 రోజుల్లో నగరం తేల్చి చెప్పాలి. పొరుగువాళ్లను పిలిచి విచారణ పెట్టడాలు లేవు. పక్కన, వెనక 4 అడుగులు వదిలి, 16 అడుగుల ఎత్తు లోపల, 800 చదరపు అడుగుల ఇల్లు కడతామంటే ఒంటింటి స్థలాల్లో నగరం దాదాపు కాదనలేదు. హెచ్ఓఏలు (ఇళ్ల యజమానుల సంఘాలు) కూడా సొంత స్థలమున్న ఇళ్లలో ఏడీయూను పూర్తిగా నిషేధించలేవు.

కానీ ఏడీయూ ఒకే రకంగా ఉండదు. ఇంట్లో గదిని మార్చడం, గ్యారేజ్‌ను మార్చడం, ఇంటికి ఆనించి కట్టడం, వెనక విడిగా కట్టడం, ఫ్యాక్టరీలో తయారైన ఇల్లు తెచ్చి దించడం. ఇవన్నీ అదే పేరుతో చలామణీ అవుతాయి. ఖర్చు, సమయం, ఉపయోగం మాత్రం ఒకదానితో ఒకటి పోలవు. ఏది కట్టాలో తేల్చుకునే ముందు, అసలు కట్టాలా కొత్త ఇంటికి మారాలా అన్నది తేల్చుకోవాలి.

## ముందుగా చూసుకోవాల్సినవి

ఎవరి కోసం, ఏడాదిలో ఎన్ని నెలలు, ఇంకా ఎన్నేళ్లు? నా దృష్టిలో మొదటి ప్రశ్న ఇదే. చాలామంది అద్దె ఎంతొస్తుంది, ఇంటి విలువ ఎంత పెరుగుతుంది అన్న లెక్కతో మొదలుపెడతారు. విజిటర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులకు మామూలుగా ఒక్కో రాకకు ఆరు నెలలు ఇస్తారు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు ఇక్కడే ఉండిపోతారు. ఈ రెండు అవసరాలకూ ఒకే ఇల్లు సరిపోదు.

ఇప్పటి లోన్ వడ్డీ ఎంత? 2020, 2021లో 3 శాతం దగ్గర రీఫైనాన్స్ చేసుకున్నవాళ్లకు ఆ లోనే పెద్ద ఆస్తి. దాన్ని వదులుకునే ఏ నిర్ణయమైనా రెండుసార్లు ఆలోచించి తీసుకోవాలి.

ప్రాపర్టీ టాక్స్ ఏ విలువ మీద కడుతున్నారు? 1978లో వచ్చిన ప్రాపొజిషన్ 13 వల్ల, కొన్నప్పటి ధర మీద పన్ను విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. వెనక ఏడీయూ కడితే పాత ఇంటి విలువను మళ్లీ లెక్కగట్టరు. కొత్తగా కట్టిన దాని విలువ మాత్రమే కలుపుతారు. కొత్త ఇల్లు కొంటే ఆ రోజు ధర మీద లెక్క మొదలవుతుంది.

స్థలం ఏం ఒప్పుకుంటుంది? వెనక ఎంత ఖాళీ ఉంది, మురుగు పైపు ఎటు పోతుంది, కరెంటు ప్యానెల్ ఎన్ని ఆంప్స్, వెనక గోడ వెంబడి యుటిలిటీ ఈజ్‌మెంట్ (కరెంటు, నీటి లైన్ల కోసం వదలాల్సిన స్థలం) ఉందా. ఈజ్‌మెంట్ మీద కట్టడం కుదరదు.

పిల్లల స్కూలు. స్కూల్ డిస్ట్రిక్ట్ మారాలన్నదే అసలు కారణమైతే ఏడీయూ ఆ పని చేయలేదు.

## కొత్త ఇల్లా, ఏడీయూనా: లెక్క వేసి చూద్దాం

ఉదాహరణకు ఒక కుటుంబం 2012లో 7 లక్షల డాలర్లకు ఇల్లు కొన్నది అనుకుందాం. ఇప్పుడు దాని ధర 17 లక్షలు. 2021లో 3 శాతానికి రీఫైనాన్స్ చేసిన 5 లక్షల లోన్ ఉంది, నెలకు కిస్తీ సుమారు 2,100.

వాళ్లు ఇది అమ్మి 24 లక్షల ఇల్లు కొనాలనుకున్నారు. అమ్మేటప్పుడు కమిషన్, ఇతర ఖర్చులు 5 శాతం అనుకుంటే 85 వేలు. దంపతులకు లాభంలో 5 లక్షల వరకే పన్ను మినహాయింపు. మిగిలిన 4 లక్షల పైచిలుకు మీద ఫెడరల్, రాష్ట్ర పన్నులు కలిపి లక్ష దాటుతాయి. లోన్ తీర్చగా చేతిలో మిగిలేది సుమారు 10 లక్షలు. కాబట్టి కొత్త లోన్ 14 లక్షలు కావాలి. 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్లకు నెల కిస్తీ దాదాపు 8,850. ప్రాపర్టీ టాక్స్ 1.2 శాతం చొప్పున ఏడాదికి 28,800. పాత ఇంట్లో అదే పన్ను 11 వేల దగ్గర ఉండేది.

అదే కుటుంబం పాత లోన్‌ను అలాగే ఉంచి, 3 లక్షలు హోమ్ ఈక్విటీ లోన్ (ఇంటి విలువ మీద తీసుకునే రెండో లోన్) తీసుకుని వెనక ఇల్లు కట్టిందనుకుందాం. 8 శాతానికి 20 ఏళ్లకు కిస్తీ నెలకు 2,500. పాత కిస్తీతో కలిపి 4,600. పన్నులో పెరిగేది ఏడాదికి సుమారు 3,600.

రెండు దారుల మధ్య నెలకు 5 వేల డాలర్లకు పైగా తేడా. అందుకే పాత ఇల్లు, తక్కువ వడ్డీ లోన్ ఉన్నవాళ్లకు నా సలహా సూటిగా ఒకటే: కొత్త ఇంటికి మారడానికి స్కూలో, ఉద్యోగమో, స్థలం అసలు సరిపోకపోవడమో లాంటి గట్టి కారణం లేకపోతే మారకండి. కానీ 2023 తర్వాత 7 శాతం వడ్డీకి కొన్నవాళ్లకు ఈ తేడా బాగా తగ్గిపోతుంది. వాళ్లకు పాత లోన్‌ను కాపాడుకోవాల్సిన పనీ లేదు, కాపాడుకోవాల్సిన పాత పన్ను విలువా లేదు. అలాంటివాళ్లు బే ఏరియాకు తూర్పున ఉన్న ట్రేసీ, మౌంటెన్ హౌస్ వైపు పెద్ద ఇల్లు చూడటం తప్పేం కాదు. రోజూ ఆఫీసుకు వెళ్లిరావాలంటే ఆల్టమాంట్ కొండ దాటే ట్రాఫిక్‌ను కూడా లెక్కలో వేసుకోవాలి.

ఒక జాగ్రత్త. ఏడీయూ డబ్బు కోసం క్యాష్-అవుట్ రీఫైనాన్స్ (పాత లోన్ తీర్చి, పెద్ద కొత్త లోన్ తీసుకుని మిగిలింది నగదుగా వాడుకోవడం) చేస్తే 3 శాతం లోన్ పోయి మొత్తం అప్పు కొత్త రేటుకు మారుతుంది. పాత లోన్‌ను కదపకుండా పక్కన రెండో లోన్ తీసుకోవడమే మేలు. హెలాక్‌లో (ఇంటి విలువ మీద బ్యాంకు ఇచ్చే, కావాల్సినప్పుడు వాడుకునే అప్పు పరిమితి) వడ్డీ రేటు మారుతూ ఉంటుంది, హోమ్ ఈక్విటీ లోన్‌లో స్థిరంగా ఉంటుంది. నిర్మాణం జరుగుతున్నప్పుడు కావాల్సినంతే వాడుకోవడానికి హెలాక్ సౌకర్యం. దీర్ఘకాలం మోయాల్సిన అప్పుకు స్థిరమైన వడ్డీ ఉంటే టెన్షన్ ఉండదు.

## ఏడీయూ రకాలు, ఒక్క చూపులో

కింది ఖర్చులు బే ఏరియాలో మామూలుగా వినిపించే స్థాయిలు. డిజైన్, పర్మిట్, సైట్ పనులు కలిపి. మీ ఇంటి స్థితిని బట్టి ఇంతకంటే పైకీ కిందకీ పోవచ్చు.

| రకం | పరిమాణం | సుమారు ఖర్చు (డాలర్లు) | మొత్తం సమయం | ఎవరికి బాగుంటుంది |
|---|---|---|---|---|
| జేఏడీయూ (ఇంట్లో గదిని మార్చడం) | 500 చ.అ. లోపు | 60 వేలు – 1.5 లక్షలు | 5–8 నెలలు | ఏడాదిలో కొన్ని నెలలు వచ్చే తల్లిదండ్రులు |
| గ్యారేజ్ మార్పు | 350–450 చ.అ. | 1.2 – 2.2 లక్షలు | 6–10 నెలలు | వెనక స్థలం లేనివాళ్లు, బడ్జెట్ తక్కువ ఉన్నవాళ్లు |
| ఆనించి కట్టడం | 400–800 చ.అ. | 2 – 3.5 లక్షలు | 10–15 నెలలు | తలుపు తీస్తే అందుబాటులో ఉండాల్సిన పెద్దవాళ్లు |
| విడిగా, సైట్ మీద కట్టడం | 1,200 చ.అ. వరకు | 2.5 – 4.5 లక్షలు | 10–16 నెలలు | శాశ్వతంగా ఉండేవాళ్లు, అద్దె |
| విడిగా, ప్రీఫ్యాబ్ (ఫ్యాక్టరీలో తయారైనది) | 400–1,000 చ.అ. | 2.5 – 4 లక్షలు | 8–14 నెలలు | ఇంటి పక్కన దారి బాగా ఉన్న సమతల స్థలాలు |

## జేఏడీయూ: చిన్నదే, కానీ చాలామందికి ఇదే చాలు

ఇంటి గోడల లోపలే, లేదా ఇంటికి కలిసి ఉన్న గ్యారేజ్‌లో, 500 చదరపు అడుగులు దాటకుండా చేసే చిన్న యూనిట్ ఇది. బయటికి వేరే ద్వారం, చిన్న వంటగది తప్పనిసరి. బాత్రూమ్ సొంతం కావచ్చు, ప్రధాన ఇంటితో పంచుకోవచ్చు. పంచుకునే చోట ఓనర్ అక్కడే ఉండాలన్న షరతు ఉంటుంది. మామూలు ఏడీయూకు ఆ షరతు పెట్టే అధికారం నగరాలకు లేదు.

ఇంట్లో కింది అంతస్తులో బాత్రూమ్ ఉన్న పడక గది ఒకటి ఉంటే, అందులోనే వంట గట్టు, సింకు, వేరే తలుపు పెట్టి పని ముగించవచ్చు. కొత్త పునాది లేదు, కొత్త పైకప్పు లేదు, సోలార్ పెట్టమని ఎవరూ అడగరు. అత్తమామలు ఉదయం ఐదింటికి లేచి కాఫీ పెట్టుకుంటే ఇల్లంతా లేవక్కర్లేదు. అలాంటి చిన్న స్వేచ్ఛ కోసమే చాలామంది ఇల్లు మారాలనుకుంటారు. దానికి 24 లక్షల ఇల్లు అక్కర్లేదు.

లోటు ఏమిటంటే, ఇంటికి కొత్తగా స్థలం రాదు. ఉన్నదాన్నే పంచుకోవడం. పిల్లలకు గది కావాలన్న సమస్య ఇంకాస్త పెరుగుతుంది. వంటగదిని లాంఛనంగా పెట్టి, పొగ గొట్టాన్ని బయటికి తీయకపోతే పోపు ఘాటు ఇంటికంతా పాకుతుంది. గాలిని అక్కడే తిప్పే హుడ్ కాకుండా, గోడలోంచో పైకప్పులోంచో బయటికి పోయే హుడ్ పెట్టమని ప్లాన్ గీసేటప్పుడే చెప్పండి.

## గ్యారేజ్ మార్పు: చౌకగా కనిపిస్తుంది, అంత చౌక కాదు

గ్యారేజ్‌కు గోడలు, పైకప్పు ఇప్పటికే ఉన్నాయి కదా, తలుపు తీసి గోడ కట్టేస్తే ఇల్లైపోతుంది అనుకుంటారు. నిజానికి గ్యారేజ్ నేల కారు తలుపు వైపు వాలుగా ఉంటుంది, ఇంటి నేల కంటే కిందికి ఉంటుంది, కింద తేమను ఆపే షీట్ చాలాసార్లు ఉండదు. పెద్ద తలుపు ఉన్న చోట గోడకు పునాది వేయాలి. గోడల్లో, పైకప్పులో ఇన్సులేషన్ పెట్టాలి. బాత్రూమ్ కోసం కాంక్రీటు కోసి మురుగు పైపు వేయాలి. అందుకే ఖర్చు లక్ష దాటుతుంది.

అయినా దీనికి పెద్ద లాభాలున్నాయి. ఉన్న గోడలే కాబట్టి కొత్తగా 4 అడుగుల సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) అడగరు. పోయిన కార్ పార్కింగ్‌కు బదులు వేరే చోట పార్కింగ్ చూపించమని నగరం అడగకూడదు. ఉన్న కట్టడాన్ని మారుస్తున్నారు కాబట్టి కొత్త యుటిలిటీ కనెక్షన్ తప్పనిసరి చేయరు. వెనక స్థలం ఉన్నా ఈజ్‌మెంట్ వల్లో, పెద్ద చెట్టు వల్లో కట్టలేనివాళ్లకు ఇది మంచి దారి.

పోయేది గ్యారేజ్. ఈవీ చార్జర్, రెండో ఫ్రిజ్, బియ్యం బస్తాలు, సూట్‌కేసులు, పండగ సామాను, పిల్లల సైకిళ్లు అన్నీ ఎక్కడికి పోతాయో ముందే రాసుకోండి. వాటికి వెనకాల ఒక షెడ్, వీధిలో రెండు కార్లు అన్న జవాబు మీ వీధికి కుదురుతుందా చూసుకోండి. సన్నీవేల్, పాలో ఆల్టో వైపు ఐక్లర్ అనే బిల్డర్ కట్టిన పాత ఇళ్లు ఉన్నవాళ్లకు ఇంకో మాట: ఆ ఇళ్లలో నేల కాంక్రీటులోనే వేడినీళ్ల పైపులు ఉండవచ్చు. ఎక్కడ కోయాలన్నా ముందు అవి ఎటు పోతున్నాయో తెలుసుకోవాలి.

## ఇంటికి ఆనించి కట్టడం

వెనక గోడకో పక్క గోడకో కలిపి కొత్త యూనిట్ కట్టడం. ప్రధాన ఇంటి వైశాల్యంలో సగం దాకా వెళ్లవచ్చు, ఇల్లు చిన్నదైనా 800 చదరపు అడుగుల దాకా అడగవచ్చు. ఒక గోడ ఉమ్మడి కాబట్టి కొంత ఆదా ఉంటుంది. కానీ పాత పైకప్పుకు కొత్తది కలపడం, పాత పునాదికి కొత్తది జోడించడం తెలిసిన కాంట్రాక్టర్ దొరకాలి. వర్షాకాలంలో పైకప్పు తెరిచి ఉన్న రోజుల్లో మీరు ఆ ఇంట్లోనే ఉండాలి, దానికి సిద్ధపడాలి.

తల్లికో తండ్రికో చూపు తగ్గినా, మోకాళ్ల నొప్పులున్నా, రాత్రి ఎవరైనా వెళ్లి చూడాల్సిన అవసరం ఉన్నా, నాకు ఈ రకమే అన్నిటికంటే బాగా నచ్చుతుంది. చలిలో, వానలో పెరడు దాటి వెళ్లక్కర్లేదు. బయటి ద్వారం తప్పనిసరి. ప్రధాన ఇంట్లోకి లోపలి తలుపు కూడా ఉంచుకోవచ్చా అన్నది మాత్రం మీ నగరాన్ని అడగండి.

వంటగది లేకుండా ఒక గది, బాత్రూమ్ మాత్రమే కలుపుకుంటే చాలదా అని కొందరు అడుగుతారు. అది ఏడీయూ కాదు, మామూలు అడిషన్. దానికి ఏడీయూ చట్టాల రక్షణ ఉండదు. నగరం పాత సెట్‌బ్యాక్‌లు, స్థలంలో ఎంత శాతం కట్టవచ్చన్న పరిమితులు, కొన్నిచోట్ల డిజైన్ రివ్యూ అన్నీ వర్తిస్తాయి. చాలా స్థలాల్లో వంటగది కలిపి ఏడీయూగా అడిగితేనే పని తేలిక.

## వెనక విడిగా: ఖర్చెక్కువ, స్వేచ్ఛా ఎక్కువ

ఫ్రీమాంట్, శాన్ హోసే, సన్నీవేల్‌లో 1950, 60లలో కట్టిన ఒంటి అంతస్తు ఇళ్లకు 6,000 చదరపు అడుగుల స్థలం, వెనక మంచి ఖాళీ ఉండటం మామూలే. విడి ఏడీయూకు సరిగ్గా సరిపోయేవి అలాంటివి. డబ్లిన్, శాన్ రామన్‌లలో కొత్త కమ్యూనిటీల్లో వెనక పదిహేను, ఇరవై అడుగుల కంటే మిగలదు. చట్టం ఒప్పుకున్నా స్థలం ఒప్పుకోదు.

పరిమాణం దగ్గర చాలామంది పొరబడతారు. 1,200 దాకా కట్టవచ్చు కదా అని పెద్ద ప్లాన్ వేయిస్తారు. 750 చదరపు అడుగుల లోపు ఉంటే నగరం ఇంపాక్ట్ ఫీజులు (కొత్త ఇంటి వల్ల రోడ్లు, పార్కుల లాంటి వాటి మీద పడే భారానికి వేసే ఫీజులు) వసూలు చేయకూడదు. ఆ గీత దాటితే ప్రధాన ఇంటి వైశాల్యంతో పోల్చి దామాషాలో ఫీజు పడుతుంది. చాలా ప్లాన్లు 749 దగ్గర ఆగడానికి కారణం ఇదే. స్కూల్ ఫీజులకు గీత ఇంకా కింద, 500 దగ్గర ఉంది. 749లో రెండు పడక గదులు, రెండు బాత్రూమ్‌లు, వంటగది కలిసిన హాలు ఇరుకు లేకుండా పడతాయి. గట్టి అవసరం లేకపోతే అక్కడే ఆగమంటాను.

కంటికి కనపడని ఖర్చులు ఇక్కడ ఎక్కువ. వెనక ఇంటి నుంచి వీధి దాకా మురుగు పైపు వాలులో పోవాలి. పెరడు వీధి కంటే పల్లంగా ఉంటే పంపు పెట్టాలి. పాత ఇళ్లలో 100 ఆంప్స్ ప్యానెల్ ఉంటే 200కు మార్చాలి, కరెంటు కంపెనీ తేదీ ఇచ్చేదాకా ఆగాలి. కొత్తగా విడిగా కట్టే ఏడీయూకు సోలార్ తప్పనిసరి. బే ఏరియాలో చాలాచోట్ల నేల బంకమట్టి. తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి సాయిల్ రిపోర్ట్, బలమైన పునాది అడుగుతారు. కొటేషన్ తెచ్చినవాళ్లను ఈ ఐదింటి గురించి విడివిడిగా అడగండి. ప్రధాన ఇంటికి ఫైర్ స్ప్రింక్లర్లు తప్పనిసరి కాకపోతే ఏడీయూకు కూడా పెట్టమని అడగకూడదు. ఇది కూడా గుర్తుంచుకోండి.

ప్లాన్ గీయించే ఖర్చు తగ్గించాలంటే నగరం ముందే ఆమోదించిన ప్లాన్లు చూడండి. 2025 నుంచి కాలిఫోర్నియాలో ప్రతి నగరం ఇలాంటి ఏర్పాటు చేయాలి. శాన్ హోసే, లాస్ ఏంజలస్ అంతకుముందు నుంచే నడుపుతున్నాయి. అయితే ముందే ఆమోదించింది ఇంటి ప్లాన్‌ను మాత్రమే. మీ స్థలంలో దాన్ని ఎక్కడ పెడతారు, పైపులు ఎటు తీస్తారు అన్నది మళ్లీ చూపించాల్సిందే.

ఇంకో సంగతి. డబ్బు కంటే ముఖ్యమైంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. తల్లిదండ్రుల కోసం వెనక విడిగా ఇల్లు కడుతున్నామంటే వాళ్లను ముందే అడగండి. కొందరు ఎంతో సంతోషిస్తారు: సొంత వంటగది, సొంత పూజ గది, టీవీ సౌండ్ ఎవరికీ ఇబ్బంది కాదు. ఇంకొందరు మనల్ని వేరు పెట్టారు అని లోపల బాధపడతారు, బయటికి చెప్పరు. డ్రైవింగ్ రాని, పగలంతా ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఇంటి మనుషులు కనపడటమే పెద్ద ఊరట. వంటగది కిటికీ ప్రధాన ఇంటి వైపు చూసేలా, మధ్యలో దీపాలున్న మెట్లు లేని దారి ఉండేలా, రెండు తలుపులు ఎదురెదురుగా ఉండేలా గీయించండి. తలుపులు 36 అంగుళాలు, షవర్‌కు గట్టు లేకుండా, గోడల లోపల పట్టుకునే కడ్డీలకు ముందే చెక్క దన్ను వేయించండి. కట్టేటప్పుడు వీటికయ్యేది తక్కువ. పదేళ్ల తర్వాత పగలగొట్టి పెట్టాలంటే వేలల్లో అవుతుంది.

## ప్రీఫ్యాబ్: ఎప్పుడు మేలు?

ఫ్యాక్టరీలో ఇల్లు తయారవుతుండగా మీ పెరట్లో పునాది, పైపులు సిద్ధమవుతాయి. తర్వాత లారీలో తెచ్చి క్రేన్‌తో దించుతారు. పెరట్లో దుమ్ము, శబ్దం నెలల తరబడి ఉండవు. ఇంట్లో పసిపిల్లలున్నవాళ్లకు అది పెద్ద సుఖం.

కానీ ప్రకటనలో కనిపించే ధర సాధారణంగా పెట్టె ధరే. పునాది, మురుగు, కరెంటు, క్రేన్, పర్మిట్, సోలార్ అన్నీ కలిపితే సైట్ మీద కట్టినదానికి దగ్గరికే వస్తుంది. ఇంటి మీదుగా క్రేన్ ఎత్తాలంటే కరెంటు తీగలు, చెట్లు అడ్డు రాకూడదు, వీధిలో క్రేన్ నిలబడే చోటు ఉండాలి. వీధి చివర ఇరుకు మలుపులో, తీగల కింద ఇల్లు ఉన్నవాళ్లు ఈ దారి వదిలేయడమే మంచిది.

అసలు తేడా డబ్బు చెల్లించే పద్ధతిలో ఉంది. ఫ్యాక్టరీ పని మొదలుకాకముందే పెద్ద మొత్తం అడగడం ఈ రంగంలో అలవాటు. 2024లో కాలిఫోర్నియాలో ఏడీయూలు కట్టే ఒక పెద్ద కంపెనీ దివాలా తీసినప్పుడు, వందల కుటుంబాలు డబ్బు కట్టి పని కాక నిలబడిపోయాయి. ఏ రకం కంపెనీ అయినా ఈ ప్రమాదం ఉన్నదే.

## అద్దె మీద ఆధారపడేవాళ్లకు

అద్దెతోనే కిస్తీ కట్టేస్తాం అనుకునేవాళ్లు మూడు విషయాలు చూసుకోవాలి. మొదటిది, ఏడీయూను ఎయిర్‌బీఎన్‌బీలాగా రోజుల లెక్కన ఇవ్వడం కుదరకపోవచ్చు. చాలా నగరాలు 30 రోజులకు పైబడిన అద్దెలే ఒప్పుకుంటాయి. రెండోది, అద్దె ఆదాయానికి పన్ను ఉంటుంది. డిప్రిషియేషన్ (కట్టడం అరుగుదల) మినహాయింపు వస్తుంది కానీ ఇల్లు అమ్మే రోజు అది తిరిగి లెక్కలోకి వస్తుంది. పైగా అద్దెకిచ్చిన విడి యూనిట్ భాగానికి, ఇల్లు అమ్మిన లాభం మీద ఉండే ఆ 5 లక్షల మినహాయింపు లెక్క మారుతుంది. సీపీఏతో ముందే మాట్లాడండి. మూడోది, ఆరు నెలలు తల్లిదండ్రులు, ఆరు నెలలు అద్దె అన్న ఆలోచన కాగితం మీద బాగుంటుంది. అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయమనడానికి నగరాన్ని బట్టి నియమాలున్నాయి, అంత సులువు కాదు.

కట్టిన ఖర్చంతా ఇంటి ధరలో వెంటనే కలుస్తుందని కూడా లెక్కేసుకోవద్దు. అమ్మే రోజు కొనేవాళ్లకు ఆ రెండో ఇల్లు అవసరమా కాదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏడీయూను విడిగా కండోలాగా అమ్ముకునే వీలు కొన్ని నగరాల్లో వచ్చింది, 2024లో శాన్ హోసే అందులో ముందు నిలిచింది. కానీ దానికి స్థల మ్యాపింగ్, ఉమ్మడి సంఘం, బ్యాంకు ఒప్పుకోలు అన్నీ కావాలి. దాన్ని నమ్ముకుని కట్టడం నేనైతే వద్దంటాను.

## మీరు ఎవరైతే, ఏది?

తల్లిదండ్రులు ఏటా కొన్ని నెలలు మాత్రమే వస్తారు, పిల్లలు చిన్నవాళ్లు, కింద గది ఉంది: జేఏడీయూ. 3 లక్షలు పోసి ఆరు నెలలు తాళం వేసే ఇల్లు కట్టొద్దు.

తల్లిదండ్రులు గ్రీన్ కార్డ్ మీద స్థిరపడ్డారు, ఆరోగ్యం బాగుంది, వెనక స్థలం ఉంది: విడిగా, 749 లోపు. ఆరోగ్యం అంతంతమాత్రమైతే ఆనించి కట్టడం.

పెరిగిన పిల్లలకు గదులు కావాలి, తల్లిదండ్రులు కూడా వస్తారు: ఒకే స్థలంలో ఒక జేఏడీయూ, ఒక విడి ఏడీయూ రెండూ కట్టుకోవడానికి చట్టం వీలిస్తుంది. కానీ రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి. చిన్నదాంతో అవసరం తీరుతుందేమో ఏడాది చూడండి.

టౌన్‌హౌస్‌లో ఉన్నారు, స్థలం మీది కాదు: ఈ ఎంపికల్లో ఏదీ మీకు కుదరదు, మీకు ఇల్లు మారడమే దారి. ఇటీవలే ఎక్కువ వడ్డీకి కొన్నవాళ్లు, స్కూలు మారాలనుకునేవాళ్లు కూడా అంతే.

## డబ్బు కట్టే ముందు

ఆర్కిటెక్ట్‌కు పెద్ద మొత్తం ఇవ్వకముందే టైటిల్ రిపోర్ట్‌లో ఈజ్‌మెంట్లు చూసుకోండి. నగరం ప్లానింగ్ కౌంటర్‌లో మీ చిరునామా చెప్పి ఏం కుదురుతుందో ఉచితంగా అడగండి. ప్లంబర్‌తో మురుగు పైపులోకి కెమెరా పంపించండి, పాత మట్టి పైపైతే అది మార్చే ఖర్చు ముందే తెలుస్తుంది. ఇంటి ఇన్సూరెన్స్ కంపెనీకి నిర్మాణం సంగతి పని మొదలుకాకముందే రాతపూర్వకంగా చెప్పండి.

కాంట్రాక్టర్ లైసెన్స్ నంబర్‌ను రాష్ట్ర లైసెన్స్ బోర్డు సైట్‌లో మీరే వెతికి, బాండ్, వర్కర్స్ కాంపెన్సేషన్ ఇన్సూరెన్స్ ఉన్నాయా చూడండి. కాలిఫోర్నియాలో ఇంటి పనులకు అడ్వాన్స్‌గా మొత్తం ధరలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదు. ప్రత్యేక బాండ్ పెట్టిన కొద్దిమందికే ఇందులో మినహాయింపు. ఏడీయూ కాంట్రాక్టులకూ ఇది వర్తిస్తుంది. తెలిసినవాళ్లే కదా, మన తెలుగువాళ్లే కదా అని 50 వేలు ముందే ఇచ్చేయకండి. తర్వాతి చెల్లింపులన్నీ పూర్తయిన పనికే: పునాది తనిఖీ అయ్యాక ఇంత, గోడలు లేచాక ఇంత, పైకప్పు పడ్డాక ఇంత అని కాంట్రాక్టులోనే రాయించండి. ప్రతి చెల్లింపుకూ కాంట్రాక్టర్ నుంచి, కింద పనిచేసిన సబ్‌ కాంట్రాక్టర్ల నుంచి లీన్ రిలీజ్ కాగితం (బాకీ కింద ఇంటి మీద హక్కు అడగబోమన్న హామీ) తీసుకోండి. కాంట్రాక్టర్ వాళ్లకు డబ్బివ్వకపోతే వాళ్లు మీ ఇంటి మీద లీన్ వేయవచ్చు. చివరి వాయిదాను నగరం ఫైనల్ తనిఖీ పూర్తయ్యేదాకా చేతిలోనే ఉంచుకోండి.